నూట ఇరవై తొమ్మిదో అక్షరం

మామగారి దగ్గర ఒకప్పుడు చదువుకున్న శిష్యురాలు ఇప్పుడు ఆయన పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయంలోనే లెక్కల శాఖకు పెద్ద. ఆవిడ ఒక ఆదివారం పొద్దున వచ్చి, టీ తాగుతూ, బుజ్జి రాసిన ప్రోగ్రాం కావాలని అడిగింది. తన దగ్గర పరిశోధన చేస్తున్న ఇద్దరు విద్యార్థులు మాస్టారి సిద్ధాంతాన్ని పునాదిగా పెట్టుకుని పని చేస్తున్నారట. అందులో యంత్రం చేసిన లెక్కను ఒకసారి తమ కళ్లతో చూసుకుంటే ముందుకెళ్లడానికి ధైర్యంగా ఉంటుందని చెప్పింది.

మామగారి మొహం చేటంత అయింది. ఆ సిద్ధాంతం మీద అచ్చయిన వ్యాసం గురించి ఎవరు అడిగినా ఆయన అలాగే అయిపోతాడు. "దానికేముందమ్మా, మా కోడలు ఇస్తుంది. ఆ ప్రోగ్రాం సంగతంతా తనకే తెలుసు" అన్నాడు. కోడలు సరేనని తల ఊపింది.

బుజ్జి అంటే ఆయన కొడుకు. ఆరడుగుల మనిషి, గడ్డంలో తెల్ల వెంట్రుకలు కూడా తొంగిచూశాయి, అయినా ఆ ఇంట్లో చివరిదాకా బుజ్జే. ఒక సోమవారం ఆఫీసుకు వెళ్లినవాడు మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు. అది జరిగి నాలుగేళ్లు దాటినా, కోడలు ఆ రెండు పడగ్గదుల ఫ్లాటులోనే మామగారితో ఉంటోంది. ఇంకా అక్కడే ఎందుకున్నావని అడిగినవాళ్లకు ఆఫీసు దగ్గరని చెప్పేది. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

ఆమె కూడా ప్రోగ్రాములు రాసే మనిషే. ఆస్పత్రుల్లో రోగులకు డాక్టరు ఎప్పుడు చూస్తాడో చెప్పే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పని. బుజ్జి పాత కంప్యూటరు ఎప్పుడో మూలన పడింది. అందులోని ప్రోగ్రాంను తెచ్చి కొత్తదాని మీద పెడితే అది ఒక్క అడుగు కూడా కదల్లేదు. బాగుచెయ్యడం కంటే మళ్లీ రాయడమే తేలికనిపించింది. అలాగని చేతులు వెంటనే రాలేదు. మళ్లీ రాయడమంటే అతను రాసిన వరసల్ని ఒక్కొక్కటీ చదివి, పక్కన పెట్టెయ్యడమే కదా.

అసలు ఆ ప్రోగ్రాం పుట్టిన కథ వేరే ఉంది.

మామగారు బతుకంతా లెక్కలు చెప్పిన మనిషి. కొడుకూ అదే దారిలో వస్తాడనుకున్నాడు. బుజ్జి డిగ్రీ అయ్యాక లెక్కలకు దణ్ణం పెట్టి కంప్యూటర్ల వైపు వెళ్లిపోయాడు. గొడవలేమీ జరగలేదు. గొడవ జరిగినా బాగుండేది. ఆ రోజు నుంచి తండ్రీ కొడుకుల మధ్య మాటలు "భోంచేశావా", "తలుపు వేశావా" దగ్గరే ఆగిపోయాయి. పెళ్లయి ఆమె ఆ ఇంటికి వచ్చేసరికి ఆ మౌనానికి వయసు కూడా వచ్చింది, పాతబడి గోడలకు పట్టేసింది.

రిటైరయ్యే ముందు మామగారి చేతిలో ఒక సమస్య మిగిలిపోయింది. రుజువంతా చేత్తోనే చేసుకొచ్చాడు. చివర్లో ఒక్క లెక్క మాత్రం మనిషి చేతికి లొంగేది కాదు. అది యంత్రమే చెయ్యాలి. కొడుకుని అడగడానికి ఆయనకు అభిమానం అడ్డొచ్చింది. అందుకని కోడలిని మధ్యలో పెట్టాడు. "మీ ఆయనకు తీరికుంటుందేమో అడుగమ్మా" అని ఆయన, "ఏం కావాలో రాసిమ్మని మీ మామగారికి చెప్పు" అని బుజ్జి. పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరు మగవాళ్లకు ఆమె కొన్నాళ్లు పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం చేసింది. చివరికి విసుగొచ్చి, ఇద్దరినీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, నాకు అర్థమయ్యేలా చెప్పండి, లేకపోతే ఈ ఉత్తరాలు మొయ్యడం నా వల్ల కాదంది.

మామగారు ఆమెకు చెప్పాడు. కొన్ని అక్షరాలున్నాయనుకో. ప్రతి అక్షరానికీ ఒక ఎదురక్షరం ఉంటుంది. అక్షరమూ దాని ఎదురూ పక్కపక్కన పడితే రెండూ కొట్టేసుకుని పోతాయి. మధ్యలో ఇంకొకటి అడ్డుంటే పోవు, వరస మార్చడానికి వీల్లేదు. "సాక్సు వేసుకున్నావు, దాని మీద బూటు వేసుకున్నావు. ఇప్పుడు ముందు సాక్సు విప్పు చూద్దాం, వల్లవుతుందా?" అన్నాడు. కాదు, ముందు బూటే విప్పాలి. ఇంతే సంగతి. ఇలాంటి అక్షరాల వరసను పదం అంటారు. ఆయన దగ్గరున్న పదం విప్పుకుంటూ పోతే కోట్ల అక్షరాల పొడవు పెరుగుతుంది. అదంతా కొట్టేసుకుని చివరికి ఏమీ మిగలకూడదు. ఏమీ మిగలకపోతే సిద్ధాంతం నిలబడ్డట్టు.

బుజ్జి అప్పటిదాకా పళ్లెంలో వేలు పెట్టి గీతలు గీస్తున్నవాడు తలెత్తాడు. అక్షరాలెందుకు నాన్నా, అయిపోతాయి, అంకెలు పెడదాం అన్నాడు. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు. ఎదురక్షరానికి అదే అంకె, ముందు మైనస్. మూడు పక్కన మైనస్ మూడు పడితే రెండూ ఎగిరిపోతాయి. సున్నాను మాత్రం వాడం, దానికి ఎదురంటూ లేదు కాబట్టి. మామగారు కాసేపు ఆలోచించి, "బాగుందిరా" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నోటివెంట ఆ మాట ఆమె వినడం అదే మొదలు.

ఇంకో నాలుగు నెలలకు ఒక సాయంత్రం ప్రోగ్రాం నడిచి నడిచి ఆగింది. తెర మీద ఖాళీ వరస ఒకటి వచ్చింది. ఏమీ రాలేదేంటని బుజ్జి మీటలు నొక్కబోతుంటే మామగారు వెనక నుంచి అతని భుజం పట్టుకున్నాడు. "ఏమీ లేకపోవడమే కదరా మనకు కావాల్సింది" అన్నాడు. ఆ చెయ్యి భుజం మీద చాలాసేపు ఉండిపోయింది.

వ్యాసం ఇద్దరి పేర్లతో అచ్చయింది. ఆ తర్వాత రెండేళ్లు ఆ ఇల్లు ఇల్లులా ఉంది. ఆఫీసు నుంచి రాగానే బుజ్జి చెప్పులు కూడా విప్పకుండా తండ్రి గదిలోకి వెళ్లేవాడు. లోపల్నుంచి వాదనలు, సుద్దముక్క చప్పుడు, మధ్యమధ్య నవ్వు. ఆమె వంటింట్లో నిలబడి వింటూ ఉండేది. ఆ తర్వాత ఆ సోమవారం వచ్చింది.

కొత్త ప్రోగ్రాం రాయడానికి ఆమెకు పెద్దగా సమయం పట్టలేదు. చిన్న చిన్న పదాలతో పరీక్షించింది. కొత్త జవాబులు బుజ్జి అప్పట్లో దాచిపెట్టిన జవాబులతో పొల్లు పోకుండా సరిపోయాయి. తర్వాత వ్యాసంలోని పదాన్ని పెట్టి, స్నానానికి వెళ్లొచ్చింది. వచ్చేసరికి తెర నిండా అంకెలు. ప్లస్సులూ మైనస్సులూ కలిసి కిందికి, ఇంకా కిందికి. ఎంత జరిపినా తరగలేదు.

తనే ఎక్కడో తప్పు రాసిందనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. ఆఫీసు నుంచి రావడం, కూర్చోవడం, వరస వరసా తిరగేయడం. తలప్రాణం తోకకొచ్చింది గానీ తప్పు కనిపించలేదు. చివరికి నానా తంటాలు పడి పాత ప్రోగ్రాంకు కూడా ఎలాగో ప్రాణం పోసింది. రెండింటినీ పక్కపక్కన నడిపించి, మొదటిసారి ఎక్కడ దారి చీలుతుందో చూద్దామని కూర్చుంది.

చీలిన చోటు చూడగానే ఆమెకు అంతా అర్థమైంది. నూట ఇరవై ఏడో అక్షరం పక్కన నూట ఇరవై తొమ్మిదో అక్షరం పడింది. కొత్త ప్రోగ్రాం రెండింటినీ ఉంచింది. పాతది రెండింటినీ కొట్టేసింది.

ఆ రోజుల్లో బుజ్జి దగ్గరున్నది చిన్న యంత్రం. పదమేమో కోట్ల పొడవు. చోటు సరిపోక ఒక్కో అంకెకూ అన్నిటికంటే చిన్న గది ఇచ్చాడు, ఒక్క బైటు. ఆ గదిలో మైనస్ నూట ఇరవై ఎనిమిది నుంచి నూట ఇరవై ఏడు దాకానే పడతాయి. అంతకంటే పెద్ద అంకెను తోస్తే గది కాదనదు, ఊరుకోదు కూడా. చుట్టు తిరిగి అటు చివర నుంచి మైనస్‌లోకి వచ్చేస్తుంది. నూట ఇరవై తొమ్మిది లోపలికెళ్లి మైనస్ నూట ఇరవై ఏడై కూర్చుంది. అంటే ఎవరికో ఎదురక్షరమైపోయింది. వ్యాసంలోని పదం ఎంత పొడవున్నా, అందులో వాడిన వేర్వేరు అక్షరాలు నూట అరవై. నూట ఇరవై ఎనిమిది నుంచి పైనున్నవన్నీ అలాగే వేషం మార్చుకుని, తమకు సంబంధం లేని అక్షరాలను కొట్టేసుకుంటూ పోయాయి. అందుకే ఏమీ మిగల్లేదు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. పక్కగదిలో మామగారు రేడియో తగ్గించి పెట్టుకుని వింటున్నాడు. ఇలాంటి పొరపాటు ఆఫీసులో ఎవరైనా చేస్తే అందరూ ఒకపూట నవ్వుకుని, గది పెద్దది చేసి, టీకి వెళ్లేవాళ్లు. ఇక్కడ ఎవరితో నవ్వాలి?

అప్పట్నుంచి ఆమె తప్పించుకు తిరగడం మొదలుపెట్టింది. ఎంతవరకు వచ్చిందమ్మా అని మామగారు పొద్దున్నే అడిగితే నీళ్లు నమిలేది. ఇంకా పరీక్షిస్తున్నానని శిష్యురాలికి సందేశం పెట్టేది. ఆయన మాత్రం హుషారుగా ఉన్నాడు. షేవింగు రోజూ చేసుకుంటున్నాడు. పాత కాగితాలు తీసి దుమ్ము దులుపుతున్నాడు. మా బుజ్జిగాడి ప్రోగ్రాం ఇంకా పనికొస్తోంది చూశావా అని కింద ఫ్లాటులో ఉండే పళ్ల డాక్టరుకు కూడా చెప్పొచ్చాడు. చెప్పకుండా ఉండిపోతే ఏమవుతుందని ఆమె ఆలోచించని పూట లేదు. ప్రోగ్రాం పాడైపోయింది, దొరకలేదు అనొచ్చు. ఎవరూ తరచి అడగరు. ఆయన ఆ సంతోషంతోనే వెళ్లిపోతాడు.

ఇంతలో శిష్యురాలు ఫోన్ చేసింది. ఆ ఇద్దరు విద్యార్థుల్లో ఒకమ్మాయి రెండేళ్ల పనంతా వ్యాసంగా రాసి పంపబోతోందని, అదంతా మాస్టారి సిద్ధాంతం మీదే నిలబడి ఉందని చెప్పింది. కోడలు ఫోన్ పెట్టేసి కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. ఆ పిల్లెవరో ఆమెకు తెలియదు. కానీ తెలిసి తెలిసి ఆ పిల్లను గోతిలోకి నడిపించడం తన వల్ల కాదనుకుంది.

మర్నాడు సెలవు. టిఫిను తిన్నాక పళ్లాలు తీసేసి, ఒక తెల్లకాగితం తెచ్చి ఆయన ముందు కూర్చుంది.

"మామయ్యా, ప్రోగ్రాంలో ఒక తప్పు కనిపించింది."

"నీదాంట్లోనా?"

"కాదు. ఆయన దాంట్లో."

కాగితం మీద ఒక గీత గీసి, ఈ చివర నూట ఇరవై ఏడు, ఆ చివర మైనస్ నూట ఇరవై ఎనిమిది రాసింది. ఇంకా చెప్పడం మొదలుపెట్టకముందే ఆయనకు అర్థమైపోయింది. ఆ మనిషికి అర్థం కావడం ఎప్పుడూ ఆలస్యం కాదు. మొహం మాత్రం మెల్లిమెల్లిగా మూసుకుపోయింది.

నీ కొత్తదాంట్లోనే పొరపాటు ఉండొచ్చుగా అన్నాడు. అదే అనుకుని వారాల తరబడి వెతికానని చెప్పింది. ఇంకా వెతుకు అన్నాడు. రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన పెట్టి చూశానని ఆమె చెబుతుంటే చెయ్యెత్తి ఆపేశాడు.

"చిన్నప్పట్నుంచీ అంతే వాడు. తొందర. లెక్క సరిగ్గా వేసినా చివర్లో గుర్తు తప్పు వేసొచ్చేవాడు. ఎన్నిసార్లు చెప్పానో."

కొడుకు పోయిన నాటి నుంచి ఆయన నోట అతని మీద ఒక్క నిష్ఠూరపు మాట రాలేదు. ఆమె దీనికి సిద్ధపడి రాలేదు. ఏడుస్తాడనుకుంది, నమ్మడనుకుంది, తనను తిడతాడనుకుంది.

"ఆయన లేరు మామయ్యా. అనాలనుంటే నన్ను అనండి" అంది.

ఆయన లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆ ఇంట్లో మళ్లీ పాత మౌనం వచ్చి కూర్చుంది. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, తిని వెళ్లిపోయేవాడు. గదిలో నల్లబల్ల మీద సుద్దముక్క చప్పుడు మాత్రం వినిపించేది. ఒకసారి తలుపు సందులోంచి చెయ్యి చాపి, రెండూ విడిపోయే చోటు చుట్టుపక్కల అంకెలు కావాలన్నాడు. అచ్చు తీసి ఇచ్చింది. ఆ చిన్న ముక్కను ఆయన చేత్తో వేసుకున్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు వేసుకున్నట్టున్నాడు. చెత్తబుట్టలో సుద్దముక్కల తోకలు పేరుకుపోయాయి.

ఒకరోజు ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీద టీ గిన్నెలో నీళ్లున్నాయి. పొయ్యి వెలిగించలేదు.

"నలభై అమ్మాయ్" అన్నాడు.

"ఏమిటి మామయ్యా నలభై?"

"వాడు నన్ను అడిగాడు. నాన్నా, మొత్తం ఎన్ని రకాల అక్షరాలొస్తాయి అని. నలభై దాటవురా అన్నాను. ఆ భోజనాల బల్ల దగ్గరే. నువ్వు కూడా ఉన్నావేమో."

ఆమెకు గుర్తు లేదు. ఆయనకు ఉంది. మొదట్లో వేసి చూద్దామనుకున్నది నలభై రకాల అక్షరాల పదమే. నలభైకి ఆ చిన్న గది సరిపోతుంది, సరిపోగా బోలెడు చోటు మిగులుతుంది. తర్వాత ఆయనకే ఆశ పుట్టింది. నలభైకి నిజమని లోకానికి ముందే తెలుసు, అందులో గొప్పేముంది, ఇంకా పెద్దదానికి నిజమని చూపిస్తేనే కదా అనుకున్నాడు. పదాన్ని మార్చి, నూట అరవై చేసి, ఫైలు కొడుకు చేతికిచ్చాడు.

"ఇది కూడా వేసి చూడరా అన్నానంతే. పెంచానని చెప్పలేదు. వాడు మళ్లీ అడగలేదు. అడిగితే నాకు కోపమొస్తుందనుకున్నాడేమో. నాకు చిన్న చిన్న వాటికి కోపమొచ్చేది కదా. వాడికి తెలుసు కదా."

ఆమె వచ్చి ఆయన పక్కన గోడకానుకుని నిలబడింది. బుజ్జి అడగకపోవడానికి కారణం అదో కాదో ఎవరు చెప్పగలరు? అలసిపోయి ఉండొచ్చు. మర్చిపోయి ఉండొచ్చు. ఆ మాటే చెప్పబోయింది గానీ ఆయన వినే స్థితిలో లేడు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇంకో సంగతి చెప్పనా? ఆ రోజు యంత్రం నిజమే చెప్పుంటే, కాలేదా, సరేలే అని నేను నా గదిలోకి పోయేవాణ్ని. వాడు వాడి గదిలోకి. ఆ రెండేళ్లూ ఉండేవే కావు. తప్పు అయింది కాబట్టి కలిశాం మేము."

అని తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. కొడుకు పోయినప్పుడు వచ్చిపోయే వాళ్లతో, కాగితాల పనులతో ఆయన నిటారుగా తిరిగాడు. అందరూ గట్టి మనిషన్నారు. ఇప్పుడు వెలగని పొయ్యి పక్కన, స్టూలు మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

పత్రికకు రాయాల్సిన ఉత్తరం ఆమే మొదలుపెట్టింది. లెక్కకు వాడిన ప్రోగ్రాంలో లోపం ఉన్నందున వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని రాసి చూపించింది. ఆయన చదివి, పెన్ను తీసుకుని, ప్రోగ్రాంలో లోపం అన్న ముక్కను కొట్టేశాడు. మొదటి రచయిత అక్షరాల సంఖ్యను పెంచి, ఆ సంగతి రెండో రచయితకు తెలియజేయలేదు, ప్రోగ్రాం తనకు చెప్పిన పరిమితి లోపల సరిగ్గానే పనిచేస్తుంది అని రాయించాడు. అంత వివరం ఎవరికీ అక్కర్లేదు మామయ్యా అని ఆమె అంటే, "నాకు కావాలమ్మా" అన్నాడు.

పత్రికవాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. ఇద్దరు రచయితల సంతకాలూ కావాలన్నారు. రెండోవాళ్లు లేరని ఆమె రాసింది. అయితే దగ్గరి బంధువు సంతకం చాలన్నారు. అతని పేరు కింద తన పేరు రాసి, సంబంధం అన్న చోట భార్య అని రాసింది. ఆస్పత్రిలో ఆ సోమవారం సాయంత్రం పెట్టిన సంతకాల తర్వాత అతని తరఫున సంతకం పెట్టడం మళ్లీ ఇప్పుడే.

శిష్యురాలికి మామగారే ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ మర్నాడు వచ్చింది. ఎవరినీ ఏమీ అనలేదు. పైగా, వ్యాసం పంపకముందే తెలియడం మంచిదైందని, ఆ అమ్మాయి కుర్రది, ఇంకో దారి వెతుక్కుంటుందని చెప్పింది. కానీ చెబుతున్నంతసేపూ టీ కప్పు వంకే చూసింది. గుమ్మం దగ్గర కోడలితో మాత్రం, ఆ పిల్ల వారం నుంచి శాఖకు రావడం లేదని మెల్లిగా అంది. ఆ తర్వాత ఆవిడ రాకపోకలు తగ్గాయి. కోపముండి కాదు. ఆ ఇంట్లో మాట్లాడుకోవడానికి ఉన్నదల్లా ఆ సిద్ధాంతమే, అది కాస్తా పోయింది.

కోడలు ప్రోగ్రాంను పూర్తి చేసింది. ప్రతి అంకెకూ విశాలమైన గది ఇచ్చింది. గది పట్టనంత అంకె వస్తే లోపలికి రానివ్వకుండా గుమ్మం దగ్గరే ఆపి చెప్పే వరసలు కలిపింది. కొట్టేసే పద్ధతిని మాత్రం ముట్టుకోలేదు. కొత్త అంకె రాగానే, అప్పటిదాకా పెట్టినవాటిలో చివరిది దానికి ఎదురేనా అని చూడటం. అయితే దాన్ని తీసెయ్యడం, కాకపోతే దీన్నీ పక్కన పెట్టడం. బుజ్జి ఆ పనిని అయిదారు వరసల్లో ముగించాడు. అంతకంటే శుభ్రంగా ఆమె రాయలేదు, రాయాలని కూడా లేదు. వాటిని అలాగే ఉంచి, రాసినవాళ్ల పేర్లలో అతని పేరు మొదట పెట్టి, శిష్యురాలికి పంపేసింది.

మామగారు నల్లబల్ల తుడిచేశాడు. మళ్లీ దాని మీద ఏమీ రాయలేదు. కాగితాలన్నీ ఒక పెట్టెలో సర్ది, శాఖకు ఇచ్చెయ్యమన్నాడు. నడక తగ్గింది. షేవింగు నాలుగు రోజులకోసారి. రేడియో పెట్టుకుంటాడు గానీ ఏం విన్నారని అడిగితే చెప్పలేడు. ఆమె వాళ్లక్క ఫోన్ చేసి, ఇంకెన్నాళ్లే అక్కడ, వచ్చెయ్యి అని ఎప్పటిలాగే అంది. ఆమె ఎప్పటిలాగే ఆఫీసు దగ్గరని చెప్పింది.

ఇన్నేళ్లూ ఆ ఇద్దరూ బుజ్జి గురించి మాట్లాడుకున్నారనే అనుకున్నారు. ఇప్పుడు చూసుకుంటే మాట్లాడుకున్నదంతా ఆ వ్యాసం గురించే. దాని పేరు చెప్పి అతన్ని తలుచుకునేవాళ్లు. ఇక తలుచుకోవడానికి దారి దొరక్క, భోజనాల బల్లకు అటూ ఇటూ కూర్చుని గోడకేసి చూసేవాళ్లు.

ఒక మధ్యాహ్నం, బయట సన్నగా వాన పడుతుండగా, ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

"వాడు ఆఫీసులో ఎలా ఉండేవాడమ్మా?"

పెళ్లికి ముందు బుజ్జీ ఆమే ఒకే ఆఫీసులో పనిచేశారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అంతకుమించి ఎప్పుడూ అడగలేదు. పని చిక్కుపడితే బుజ్జి కూనిరాగం తీసేవాడని ఆమె చెప్పింది. శ్రుతి అనేది మచ్చుకైనా ఉండేది కాదు. చుట్టుపక్కలవాళ్లు భరించలేక అందరూ కలిసి చెవులకు పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు కొనిచ్చారు, పాటలేవో వాటిలో విని ఊరుకుంటాడని. అవి పెట్టుకున్నాక తన గొంతు తనకే వినిపించక ఇంకా గట్టిగా పాడటం మొదలుపెట్టాడు. ఆ గొడవ మీదే తను మొదటిసారి అతనితో పోట్లాడింది.

మామగారు నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు.

"వాడు పాడేవాడా?" అన్నాడు.

ఈ ఇంట్లో ఎప్పుడూ పాడగా వినలేదని అప్పుడే ఆమెకూ తట్టింది. తండ్రితో కలిసిపోయిన ఆ రెండేళ్లలో కూడా వినలేదు. ఏం పాటని ఆయన అడిగాడు. పాట కాదు, ఏదో సొంత రాగం, ఎప్పుడూ ఒకటే అని చెప్పి, గుర్తు తెచ్చుకోబోయింది. మొదటి ముక్క వచ్చింది. ఆ తర్వాతది గొంతు దాకా వచ్చి జారిపోయింది. రోజూ విన్న రాగం, విసుక్కున్న రాగం. ఎంత తడుముకున్నా దొరకలేదు. ఆమె కళ్లు నిండిపోయాయి.

"పోనీలేమ్మా, వచ్చినంతవరకే" అన్నాడు ఆయన, కుర్చీ ముందుకు జరుపుకుని.

ఆమె మొహం తుడుచుకుని, ఆ ఒక్క ముక్కనే మళ్లీ పాడింది.